చూపులేని విద్యార్థినికి సర్క్యూట్లు నేర్పడం ఎలా?

నమస్కారమండీ. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది, పిల్లలు ఎలక్ట్రానిక్స్ లాంటివి చేతులతో చేసి నేర్చుకునే గది. తొమ్మిదో తరగతిలో పూర్తిగా చూపులేని అమ్మాయి ఒకరు ఉన్నారు, లెక్కల్లో మహా చురుకు. ట్రిపుల్ ఐటీలో చేరాలని పట్టుదల. పది పాసవగానే అక్కడ ఆరేళ్ల కోర్సు, 2 ఏళ్లు పీయూసీ, 4 ఏళ్లు బీటెక్. అందుకే ఇప్పటినుంచే చేతిపని అలవాటు చేయాలని నా తాపత్రయం.

మిగతా పిల్లలు ప్రోగ్రామింగ్‌ని స్క్రాచ్‌తో మొదలుపెట్టారు. బ్లాకుల్ని మౌస్‌తో లాగి పెట్టే ఆ పద్ధతి ఈమెకు కుదరదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ వేస్తే ఆర్డుయినో (ప్రోగ్రామ్ ఎక్కించి సర్క్యూట్లను నడిపించే చిన్న బోర్డు) కోడ్ విని రాస్తోంది. చిక్కంతా వైరింగ్‌లోనే. వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు రంధ్రాలు వేలితో లెక్కపెడుతుంది, ఎల్‌ఈడీ బదులు బజర్ పెట్టాం. కానీ రెసిస్టర్ విలువ రంగు పట్టీల్లో ఉంటుందే! ప్రతిసారీ పక్కవాళ్లని అడగాల్సి రావడం ఆ పిల్లకు నచ్చదు, నాకూ నచ్చదు.

రెసిస్టర్ విలువ లాంటివి కొలిచి పైకి చదివి వినిపించే మల్టీమీటర్ తక్కువ ధరలో ఎక్కడ దొరుకుతుంది? మామూలు మీటరుకు ఆర్డుయినోతోనే మాట నేర్పినవాళ్లున్నారా? సర్క్యూట్ బొమ్మను తెలుగులో మాటలతో వివరించిన పాఠాలుంటే చెప్పండి. చూపు లేకుండా ఇంజనీరింగ్ చదివినవారు ఎవరైనా ఆమెతో ఒకసారి మాట్లాడితే ఎంతో మేలు. "ఆడపిల్లకి, అందులోనూ చూపులేనిదానికి ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లే చుట్టూ ఉన్నారు.