గట్టు మీద రోజూ నడుస్తారు, కుర్చీలోంచి మాత్రం లేవలేకపోతున్నారు: 69 ఏళ్ల నాన్నగారికి ఏం చేయించాలి?

కొబ్బరాకు అడిగారు:

నాన్నగారికి 69 ఏళ్లు, బరువు 62 కిలోలు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పొద్దున్నే ఐదున్నరకి కాలువ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడుస్తారు, ఏళ్ల తరబడి మానలేదు. అయినా ఈమధ్య కుర్చీలోంచి లేవాలంటే మోకాళ్ల మీద చేతులు ఆనించాల్సి వస్తోంది. మేడమెట్ల దగ్గర రెయిలింగ్ వదలరు. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి ఒక మాత్ర వాడుతున్నారు. ఎక్స్‌రేలో మోకాళ్లు కొద్దిగా అరిగాయి తప్ప ఇంకేం లేదన్నారు. ఊళ్లో జిమ్ లేదు. నడక ఇంకా పెంచమందామా? ఇంట్లోనే చేయించగలిగేవి ఏమైనా ఉన్నాయా? తిండిలో మార్పు కావాలా?

వశిష్ఠ తీరం (ఫిజియోథెరపీ):

నడక పెంచక్కర్లేదండి. నాలుగు కిలోమీటర్లంటే దాదాపు గంట, వారానికి ఏడు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో 65 దాటినవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలే. అదే సూచనల్లో ఇంకో రెండు మాటలున్నాయి, అందరూ వదిలేసేవి అవే. కండకి బలమిచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు, తూలకుండా నిలబడే సాధన కనీసం మూడు రోజులు. ఆయనకి లోటు అక్కడుంది.

మన డెల్టా నేల పళ్లెంలా చదును. ఎక్కుడూ దిగుడూ లేని గట్టు మీద అడుగు వేయడానికి తొడకి ఉన్న బలంలో కాస్తంత చాలు. కుర్చీలోంచి లేవాలంటే ఒంటి బరువంతా ఒక్క ఊపులో ఎత్తాలి. వయసుతో ముందుగా సన్నబడేవి ఆ ఊపునిచ్చే కండపోగులే. అందుకే గంట నడవగలిగిన మనిషి కుర్చీ దగ్గర ఆగిపోతాడు.

ముందు ఒక కొలత తీసుకోండి. 43 సెంటీమీటర్ల ఎత్తున్న చేతుల్లేని కుర్చీ, దాని వీపు గోడకి ఆనించి పెట్టండి. చేతులు రొమ్ము మీద అడ్డంగా కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 65-69 ఏళ్ల మగవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గినట్టే, పడిపోయే ప్రమాదమూ ఎక్కువే. చేతులు ఆనించి లేస్తే లెక్క సున్నా. ఆ సంఖ్య గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

ఇక చేయించాల్సింది కూడా ఇదే. చెక్క కుర్చీ వాడండి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, నులక మంచమూ పడక కుర్చీ పనికిరావు. చేతులు లేకుండా లేవలేకపోతే బొంత మడతపెట్టి కుర్చీలో వేసి ఎత్తు పెంచండి. కుర్చీ ముందు సగంలోకి జరిగి కూర్చోవాలి. మడమలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి, పాదాలు జానెడు ఎడంగా ఉండాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగి, అప్పుడు లేవాలి. నిటారుగా కూర్చునే లేవబోవడమే చాలామంది చేసే తప్పు. బరువు పాదాల మీదికి రాకుండానే లేవబోతారు, అందుకే వెనక్కి పడతారు. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. దబ్బున కూలబడితే సగం ఫలితం పోయినట్టే, వెన్నుకీ దెబ్బ. మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలకూడదు. ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే బీపీ ఎగురుతుంది. అంకెలు పైకి లెక్కపెట్టమనండి, ఊపిరి బిగబట్టడం కుదరదు.

ఎనిమిదేసి చొప్పున రెండు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. సోమ, బుధ, శుక్రవారాలు చాలు. ఇంకో రెండు మూడు చేయగలననిపించేటప్పుడు ఆపాలి. మూడు విడతలు పన్నెండేసి సులువుగా వచ్చాక బొంత తీసేయండి. ఆ తర్వాత రెండు లీటర్ల నీళ్ల సీసా గుండెకి హత్తుకుని చేయాలి. ఎప్పుడూ అదే బరువు, అదే ఎత్తు అయితే కండ పెరగదు.

దీనికి తోడు మీ ఇంటి అరుగు ఉందిగా. అన్నిటికన్నా కింది మెట్టు, జానెడు లోపు ఎత్తున్నది, స్తంభం పట్టుకుని ఒక్కో కాలితో ఎనిమిదిసార్లు ఎక్కి దిగాలి. వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం పన్నెండుసార్లు. వీపుకి, భుజాలకి పాత సైకిల్ ట్యూబు కిటికీ చువ్వకి కట్టి, మోచేతులు పక్కటెముకల్ని రాసుకునేలా వెనక్కి లాగడం పదిసార్లు. మొత్తం 25 నిమిషాలు. ఆ రోజుల్లో నడక సగం చేయమనండి.

మోకాలు కాస్త నొప్పెడితే భయపడి మానొద్దు. మర్నాటికి మామూలుకి వస్తే సరే. మర్నాడు వాపు వచ్చినా, నొప్పి అలాగే ఉన్నా కుర్చీ ఎత్తు పెంచి విడత తగ్గించండి. మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే మెరుగు నరాలు పని నేర్చుకోవడం వల్ల. కండ పెరిగినట్టు తెలియాలంటే రెండు మూడు నెలలు పడుతుంది.

పచ్చిమిరప (షుగర్, ఆహారం):

పైన చెప్పినదానికి ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, కళ్ల డాక్టరుతో రెటీనా పరీక్ష. షుగరు వల్ల కంటి వెనక కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే బరువులు ఎత్తి ముక్కడం వల్ల రక్తం చిమ్మే ప్రమాదం ఉంది. రెండు, మందులిచ్చే డాక్టరుకి కొత్త వ్యాయామం సంగతి చెప్పడం. నడిచేటప్పుడు గుండెలో బిగింపు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మామూలుగా లేని ఆయాసం ఉంటే ఇవేవీ మొదలుపెట్టకుండా ముందు గుండె చూపించాలి.

గ్లిమెపిరైడ్ షుగర్ని మరీ కిందికి దించగల మందు. అది వేసుకుని టిఫిన్ తినకుండా గట్టెక్కకూడదు. కొత్తగా కండకి పని పెడితే షుగర్ అప్పుడే కాదు, ఆ రాత్రి కూడా పడవచ్చు. మన ఉక్కపోతలో పట్టే చెమటకీ, షుగర్ పడినప్పటి చెమటకీ తేడా తెలియదు. చేతులు వణకడం, గుండె దడ, చూపు మసకబారడం కలిస్తే ఎండ అనుకోకుండా గ్లూకోమీటరు పెట్టండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. జేబులో గ్లూకోజ్ పొడి ఉంచుకోమనండి. పూతరేకులు ఆ పనికి రావు, నెయ్యి వల్ల చక్కెర ఆలస్యంగా రక్తంలో కలుస్తుంది. కార్తీక సోమవారాలు, ఏకాదశి ఉపవాసాలు ఉంటే ఆ రోజు మాత్ర సంగతి డాక్టరుని ముందే అడగాలి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. పాదాల్లో తిమ్మిరి, చీకట్లో తూలడం అందువల్ల కూడా వస్తాయి. వ్యాయామం ఎంత చేసినా ఆ లోటు తీరదు, రక్తపరీక్ష చేయించండి. గట్టు మీద ఒట్టి కాళ్లతో నడవనివ్వకండి, రోజూ రాత్రి అరికాళ్లు చూడండి.

తిండి. ఆయన వయసుకి కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే రోజుకి 62 నుంచి 75 గ్రాములు. మన ఇళ్లలో రోజుకి పావుకిలో బియ్యం (సుమారు 18 గ్రాములు), గుప్పెడు కందిపప్పు (30 గ్రాముల్లో 6-7), పాలూ పెరుగూ కలిపి 400 మిల్లీలీటర్లు (13) అనుకుంటే 40 దాటదు. లోటు 25 గ్రాములు. రెండు గుడ్లు 12, వంద గ్రాముల శీలావతో బొచ్చో 18. అక్కడికి సరిపోయింది. చేపల చెరువుల మధ్య ఉంటూ మాంసకృత్తుల లోటుతో ఉండటం అన్యాయం. శాకాహారమైతే పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు (50 గ్రాముల పెసల్లో 12), సాయంత్రం ఉడికించిన శనగలు, పప్పు రెట్టింపు. అంతా రాత్రి ఒక్కపూటే పెట్టకుండా మూడు పూటలకీ పంచండి. అయితే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి, కిడ్నీ దెబ్బతింటే ఈ లెక్క మారుతుంది. ఆవకాయ, ఎండుచేప బీపీకి శత్రువులు. ఉప్పు మొత్తం రోజుకి 5 గ్రాములు దాటకూడదు.

కొబ్బరాకు:

చాలా సంతోషమండీ. ఇంకో రెండు. మంచం మీంచి లేవగానే ఒక్కోసారి కళ్లు తిరుగుతాయంటున్నారు. నేల మీద కూర్చుంటే అసలు లేవలేరు. వానాకాలం గట్టంతా బురద, అప్పుడేం చేయాలి?

వశిష్ఠ తీరం:

కళ్లు తిరగడానికి: ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే ఆ కాగితం డాక్టరుకి చూపించండి, మాత్ర మీరుగా మానిపించకండి. అప్పటిదాకా లేచేముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని పాదాలు ఆడించాలి.

నేల మీంచి లేవడం తప్పకుండా నేర్పించాలి, అది రాకనే పడ్డవాళ్లు గంటలు నేల మీద ఉండిపోతారు. మంచం పక్కన చాప వేయండి. పక్కకి తిరగాలి, మోచేతి మీద లేవాలి, తర్వాత చేతులూ మోకాళ్ల మీదికి రావాలి. పాకుతూ మంచం దగ్గరకి చేరి, రెండు చేతులు మంచం మీద పెట్టి, బలమున్న కాలు ముందుకి మడిచి పాదం ఆనించి, మంచం ఊతంగా లేవాలి. నేర్పేటప్పుడు వెనకనుంచి మొదలెట్టండి: నిలబడి ఉండగా ఒక మోకాలు దిండు మీద ఆనించి లేవడం వచ్చాకే నేల దాకా. పక్కన ఒక మనిషి ఉండాలి.

తూలకుండా నిలబడే సాధన గది మూలలో, వీపు వెనక గోడలు ఉండేలా. ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకి తగిలేలా ముందు పెట్టి 10 సెకన్లు. అలా నిలబడలేకపోతే ముందు పాదాన్ని రెండో పాదం పక్కకి సగం వెనక్కి జరిపి చేయాలి. ఇది రోజూ చేయొచ్చు.

లంకగాలి:

వానాకాలం సంగతి నేను చెబుతాను. గట్టు మానేసి హాల్లో, వరండాలో రోజూ పది నిమిషాలు మూడుసార్లు నడిస్తే వారానికి 150 నిమిషాల లెక్క సరిపోతుంది. అసలు ప్రమాదం గట్టు మీద కన్నా ఇంట్లోనే ఎక్కువ. పెరట్లో గచ్చు మీద, రేవు మెట్ల మీద పాచి పడుతుంది, వారానికోసారి బ్లీచింగ్ పొడి వేసి గట్టి చీపురుతో రుద్దండి. అరిగిన హవాయి చెప్పులు పారేయండి. బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ వేయించండి, తువ్వాలు కడ్డీ మనిషి బరువు ఆపదు. రాత్రి గడప దగ్గర చిన్న దీపం ఉండాలి. ఎండాకాలం నడక సూర్యోదయానికి ముగించాలి, మన గాలిలో తేమకి చెమట ఆరదు కాబట్టి ఒంట్లో వేడి బయటికి పోదు.

సైకిల్ ట్యూబు గురించి ఒక సవరణ: ఎండలో వేలాడిన పాత ట్యూబు పగిలి లాగేటప్పుడు తెగుతుంది, ముఖానికి తగులుతుంది. లాగే ముందు రెండు చేతులతో సాగదీసి, పగుళ్లు కనబడితే కొత్తది కొనండి. కట్టిన చువ్వ తుప్పు పట్టి కదులుతోందేమో కూడా చూడండి.