అహోబిలం ఉగ్రస్తంభం: ఎత్తులంటే భయం ఉన్నోళ్లు ఎక్కొచ్చా?

నాలుగో_అంతస్తు:
డిసెంబర్ చివర్లో అహోబిలం ప్లాన్ చేస్తున్నాం, నేనూ తమ్ముడూ నాన్నా. నాన్నకి 61, రోజూ వాకింగ్ చేస్తారు కానీ ఒక మోకాలు అప్పుడప్పుడూ సతాయిస్తుంది. జ్వాలా నరసింహ స్వామి దాకా ఎలాగూ వెళ్తాం, ఆ పైన ఉగ్రస్తంభం, అదే నరసింహస్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అని చెప్పే కొండ కొన, అది కూడా ఎక్కుతా అని కూర్చున్నారు. యూట్యూబ్‌లో ఒకడేమో షార్ట్ వేసుకుని సెల్ఫీ స్టిక్ పట్టుకుని పరిగెత్తినట్టు ఎక్కేస్తున్నాడు, ఇంకో వీడియోలో ఒకాయన బండని కావలించుకుని కళ్లు మూసుకుని గోవిందా గోవిందా అంటున్నాడు. ఏది నిజం? అసలు సంగతేంటంటే నాన్న కంటే నాకే భయం, నాలుగో అంతస్తు బాల్కనీలోంచి కిందకి చూస్తేనే అరికాళ్లు జివ్వుమంటాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆళ్లగడ్డోడు:
రెండూ నిజమే అన్నా. మాది పక్కనే, నేను ఐదారుసార్లు ఎక్కినా. ముందురోజు రాత్రి దిగువ అహోబిలంలో ఉండండి, ఆడ్నించి ఎగువకి 8 కిలోమీటర్లు, బండి పోతాది. తెల్లారంగానే నడక మొదలుపెట్టాల. ఎగువ గుడి కాడ కర్రలు అద్దెకిస్తారు, సిగ్గుపడకుండా తీసుకోండి, పోయేటప్పుడు కోతులకి, దిగేటప్పుడు మోకాలికి. చేతిలో ప్లాస్టిక్ కవర్ కనపడిందా అయిపోయినట్టే, లోపల ఏముందో నీకంటే కోతికే బాగా తెలుసు.
జ్వాల దాకా భవనాశిని వాగు పట్టుకుని దోవ, మెట్లూ ఇనుప బ్రిడ్జీలూ ఉంటాయి, అలసట తప్ప భయం లేదు. నాయన నడవలేకపోతే డోలీ వాళ్లు ఉన్నారు. ఉగ్రస్తంభం దోవ వేరే, జ్వాలకి కొంచెం ముందు చీలతాది, ఆడ్నించి మెట్లు లేవు ఏం లేవు, రాళ్లూ చెట్ల వేర్లూ పట్టుకుని నిలువుగా పోవడమే. నల్లమల కదా, చెట్లలో ఉన్నంతసేపు ఏం కనపడదు, గాలి కూడా ఆడదు, చొక్కా తడిసిపోతాది. చెట్లు అయిపోయినాక బండ వస్తాది చూడు, అక్కడ చేతులు కూడా కావాల. పైన జెండాలూ పాదుకలూ ఉంటాయి, చోటు చాలా తక్కువ, జనం ఉంటే కింద ఆగి వాళ్లు దిగినాక ఎక్కండి. చెంచు పిల్లోళ్లు ఎవురన్నా తోడొస్తే ఇంకా మంచిది, స్వామి వాళ్ల ఇంటి అల్లుడే కదా, ఆ కొండ వాళ్లకి తెలిసినంత మనకి తెలీదు.

సగంలో_వెనక్కి:
నాకూ మీలాగే భయమండి, పోయిన ఏడు వెళ్లాను, పైదాకా వెళ్లకుండా వచ్చేశాను, చెప్పుకోడానికి నామోషీ ఏం లేదు. ఎక్కేటప్పుడు ముఖానికి ఎదురుగా రాయే ఉంటుంది కాబట్టి ఏమీ అనిపించదు. ఆ చివరి బండ కింద ఊపిరి తీసుకుందామని ఒక్కసారి వెనక్కి తిరిగా, అంతే, ఇందాకటిదాకా పైన ఉన్న చెట్లన్నీ కాళ్ల కింద ఉన్నాయి, మోకాళ్లు నావి కాదన్నట్టు వణికాయి. మా ఆయన పైకెళ్లొచ్చేదాకా అక్కడే చతికిలబడి కూర్చున్నా. దిగేటప్పుడు ఇంకా కష్టం, కాలు పెట్టే చోటు కనపడదు, లోయ మాత్రం బాగా కనపడుతుంది. ముఖం బండ వైపు పెట్టుకుని, నిచ్చెన దిగినట్టు దిగితే నయం, లేదంటే కూర్చుని జరుగుతూ దిగండి, ప్యాంటు పోతే పోయింది. ఇంకో మాట, కొండ రెండుగా చీలి స్తంభంలా నిలబడడం కిందనుంచి చూస్తేనే తెలుస్తుంది. పైకెక్కాక స్తంభం ఏం కనపడుతుంది, దాని మీదే ఉంటాం కదా.

వానాకాలం_బ్యాచ్:
డిసెంబర్ ఎందుకు బ్రో, వానాకాలంలో వెళ్లు, జ్వాలా నరసింహ గుహ ముందు కొండ మీంచి నీళ్లు పడతాయి, తడుచుకుంటూ దర్శనానికి వెళ్లాలి, అది చూడకపోతే అహోబిలం చూసినట్టే కాదు.

ఆళ్లగడ్డోడు:
ఆ నీళ్లు చూసి అట్నే కిందికి వచ్చేయాల. ఉగ్రస్తంభం రాళ్లకి పాచి పడితే మేమే ఎక్కం, నువ్వు ఎక్కమని చెప్పొద్దు సామీ. ఎండాకాలం ఇంకా వద్దు, బండ కాలతాది. కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటాది. ఎప్పుడు పోయినా మధ్యాహ్నంకల్లా దిగుడు మొదలుపెట్టండి, అడవిలో చీకటి తొందరగా పడతాది, పులులు తిరిగే అడవి, ఊరికే అనడంలా.

నాలుగో_అంతస్తు:
థ్యాంక్స్ అందరికీ. ఇందాక నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పేశా, నవ్వి, నీ సంగతి నాకు తెలీదా, తిరనాళ్లలో రంగులరాట్నం ఎక్కించమని ఏడ్చి ఎక్కాక దించమని ఏడ్చినోడివి అన్నారు. ఇప్పుడు ప్లాన్ ఏంటంటే నాన్నా నేనూ జ్వాల దగ్గర స్వామి హిరణ్యకశిపుణ్ని చంపాక చేతులు కడుక్కున్నారని చెప్పే రక్తకుండం చూసుకుని అక్కడే కూర్చుంటాం, తమ్ముడు ఒక్కడే పైకి. వాడు ఒంటరిగా వెళ్లొచ్చా?

ఆళ్లగడ్డోడు:
ఒంటరిగా వద్దు. ఎగువ గుడి కాడ అంగళ్లలో అడిగితే తోడొచ్చేవాళ్లు దొరుకుతారు, డబ్బులు ఎంతో ముందే మాట్లాడుకోండి. పైన నీళ్లు దొరకవు, మనిషికి రెండు లీటర్లు, బ్యాగులోనే పెట్టుకోమను, చేతిలో కాదు.