'ది చీట్': జపానీయుణ్ణి బర్మావాణ్ణి చేస్తే దిద్దుబాటు అవుతుందా?

నైట్రేట్‌నాని:
హాలీవుడ్ దర్శకుడు సెసిల్ బి. డిమిల్ 1915లో తీసిన మూకీ సినిమా 'ది చీట్'ని నిన్న ఇక్కడ ఒకరు "నిరసనకి స్టూడియో తలొగ్గిన సినిమా" అని మెచ్చుకున్నారు. ఏం తలొగ్గింది? రెడ్‌క్రాస్ నిధిలో 10,000 డాలర్లు పోగొట్టిన ఇల్లాలికి ధనిక జపానీయుడు హిషురు టోరి డబ్బిస్తాడు. ఆమె మాట తప్పితే భుజం మీద వాత పెడతాడు. అమెరికాలోని జపానీయులు గొడవ చేశారు. 1918 రీ-రిలీజ్‌లో వాడే హాకా అరకావు, బర్మావాడు. మాటలు రాసి చూపించే టైటిల్ కార్డులు మార్చారు, అంతే.

రీలుబాబాయ్:
"అంతే" అనకండి. 35 ఎంఎంలో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 16 ఫ్రేముల చొప్పున నడిపితే 8 సెకన్ల కార్డుకి 8 అడుగుల ఫిల్మ్. కొత్త కార్డు షూట్ చేయాలి, పాతది కోయాలి, అతుకు దగ్గర ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) గీకి ఫిల్మ్ సిమెంటు (అతికించే జిగురు) పెట్టాలి. గీకుడు సరిగా లేకపోతే సిమెంటు పట్టదు, ప్రొజెక్టర్ గేటులో (ఫిల్మ్ దీపం ముందు నుంచి సాగే చోట) అతుకు ఊడుతుంది. అప్పటి ఫిల్మ్ తేలిగ్గా మండే నైట్రేట్, అక్కడ ఇరుక్కుంటే నిప్పంటుకుంటుంది.

నైట్రేట్‌నాని:
శ్రమ లేదని ఎవరన్నారు? కత్తెర ఎక్కడ పడలేదో చూడండి. వాత పెట్టే సీను ఉంది, కోర్టులో భుజం చూపించే సీను ఉంది, గుంపు వాడి మీద పడే సీనూ ఉంది. బర్మావాడింట్లో జపాను షోజీ తెరలు (కాగితపు తలుపులు) ఏంటి? ఆ వాత ముద్ర జపాను గుడి ముందుండే తోరీ గుమ్మంలా ఎందుకుంది?

మూకీమురళి:
సెట్లు మళ్లీ వేయమంటారా ఏంటి 🙂

రీలుబాబాయ్:
కార్డు తప్ప మార్చడానికి ఇంకేం లేదనే నేనంటున్నది. పోయిన నెల 'ఔట్‌సైడ్ ది లా' చర్చలోనూ నా మాట సగం కోసి చూపించి గెలిచాననుకున్నారు.

నైట్రేట్‌నాని:
సగం కాదు, అక్కడున్నదే అంత. మీకు తెర మీది మనిషి కంటే సిమెంటు సీసా ముఖ్యం.

రీలుబాబాయ్:
అయితే మనిషి గురించే మాట్లాడదాం. 'ఔట్‌సైడ్ ది లా' (1920)లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయులు మంచివాళ్లు. పెద్దాయన చాంగ్ లో వేషం ఇ. ఆలిన్ వారెన్‌ది, నౌకరు ఆ వింగ్ లాన్ చేనీ. ఇద్దరూ తెల్లవాళ్లే. చైనా మూలాల నటి అన్నా మే వాంగ్ ఉన్నా పేరు వెయ్యలేదు. 'ది చీట్'లో విలన్ పాత్రే గానీ ఆ వేషం వేసిన సెసూ హయకావా అసలు జపానీయుడు, దాంతోనే స్టారయ్యాడు, 1918లో హావర్త్ అని సొంత కంపెనీ పెట్టాడు. మీరు పాత్ర మంచిదా చెడ్డదా అని చూస్తున్నారు. కూలి ఎవరికి ముట్టిందో నేను చూస్తున్నా.

నైట్రేట్‌నాని:
ఈ మాట మొదటే అనాల్సింది. సరే, హావర్త్‌లో ఏం తీశాడు? 1919లో 'ది టాంగ్ మ్యాన్', చైనాటౌన్ ముఠాలో గొడ్డలి పట్టే హంతకుడి వేషం. చైనీయులు దానికీ అభ్యంతరం చెప్పారు. ఒకడికి పని దొరికితే పక్కవాడికి మచ్చ పోదు.

కోరంగిపిల్ల:
1918లో బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. జపాన్ యుద్ధంలో అమెరికా పక్షం, అడగడానికి కాన్సులేట్లున్నాయి. బర్మావాళ్ల తరఫున అమెరికాలో ఎవరున్నారు? మనవాళ్లు ఓడలెక్కి కూలికెళ్లిన రంగూన్ కూడా అదే కదా.

రీలుబాబాయ్:
అందుకే బర్మాని ఎంచుకున్నారు, ఒప్పుకుంటా. కానీ హయకావా బదులు చేనీ చేసుంటే ఈ సినిమా గురించి ఎవరైనా మాట్లాడేవారా?

నైట్రేట్‌నాని:
మాట్లాడకపోతే ఏం పోయింది? ఈ సినిమా ప్రదర్శన వేసేవాళ్లెవరైనా ఉంటే ఒక్కటి చెయ్యండి. ఇప్పుడు దొరికేది 1918 కార్డులతోనే, మొదటి టైటిల్ కంటే ముందే 1915లో ఆ పాత్ర పేరేంటో చెప్పండి. లేకపోతే జనం ఆ షోజీ తెరలు చూసి రంగూన్ అనుకుంటారు.