పబ్లిక్ ఆర్ట్ ప్రజలది ఎప్పుడైంది?

పబ్లిక్ ఆర్ట్, అంటే వీధుల్లో, బహిరంగ స్థలాల్లో అందరూ చూసేలా ఉండే కళ, దాని చరిత్ర మీద వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. దయచేసి తెలిసినవాళ్లు సాయం చేయండి.

రోమ్‌లో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం అందరి కళ్ల ముందే ఉంది. కానీ దాని నిండా చక్రవర్తి యుద్ధ విజయాలే! 1920లలో మెక్సికో ప్రభుత్వం డియెగో రివేరా, ఒరోస్కో, సికేరోస్‌లతో ప్రభుత్వ భవనాల గోడలపై బొమ్మలు వేయించింది. చదవడం రానివాళ్లకూ అర్థమయ్యే ఆ బొమ్మల్లో రైతులు, కూలీలు కనిపిస్తారు. నాకైతే అసలు మలుపు ఇదే అనిపిస్తోంది. అయినా డబ్బిచ్చింది ప్రభుత్వమే కదా, అక్కడే నాకు సందేహం. తర్వాత 1959లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం, నిర్మాణ ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించే నియమం తెచ్చింది.

మరి వీధిలో ఏ బొమ్మ ఉండాలో చెప్పే హక్కు అక్కడుండే జనానికి ఎప్పుడు, ఎలా వచ్చింది? ఏ ఉదాహరణతో మొదలుపెట్టమంటారు?