జ్వరం వేడికి మలేరియా పురుగు చస్తుందా?

ప్రశ్న (ఆశా కార్యకర్త, చింతపల్లి వైపు)
మా ఊళ్లో ఎనిమిదేళ్ల పిల్లకి నిన్న కిట్‌లో ఫాల్సిపారం (ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా) వచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. తడిగుడ్డ వేయబోతే వాళ్ల నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కాగనీ అమ్మా, ఆ వేడికే పురుగు చస్తుంది" అంది. ఏసీటీ అనే మలేరియా మందు మొదటి డోసు నా ఎదుటే మింగించాను, పారాసిటమాల్ ఇచ్చాను. ఆవిడకి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. నిజంగా చస్తుందా?

జవాబు 1 (ల్యాబ్ టెక్నీషియన్)
22 ఏళ్లుగా రక్తం స్లైడ్లు చూస్తున్నాను. ఆవిడ మాట సగం నిజం. ఫాల్సిపారం ఎర్ర కణంలో 48 గంటలు ఉంటుంది. మొదట ఉంగరంలా సన్నగా, తర్వాత హిమోగ్లోబిన్ తింటూ బలిసి, పిల్ల పురుగులుగా ముక్కలై, కణాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. జ్వరం ఎగిసేది అప్పుడే. 40 డిగ్రీల వేడికి బలిసినవి చస్తాయి, ఉంగరాలు చాలావరకు తట్టుకుంటాయి. ఇది 1989లోనే కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో పెంచిన పురుగుల మీద, చూపించారు. అయితే జ్వరం ఎగిసేసరికి పిల్ల పురుగులు కొత్త కణాల్లో దూరి ఉంగరాలుగా ఉంటాయి. వేడికి దొరికేది వెనకబడ్డవే. మిగిలినవన్నీ ఒకే ఈడువి అవుతాయి.

జవాబు 2 (పరిశోధక విద్యార్థి)
నేను ఈ పురుగుల్ని 37 డిగ్రీల దగ్గర పెంచుతాను. ఒక రాత్రి ఇంక్యుబేటర్ చెడి 41కి ఎగబాకింది. పొద్దున జీమ్సా రంగు వేసి చూస్తే ఉంగరాల ఫ్లాస్కు బతికే ఉంది, బలిసినవి నల్లగా ముడుచుకుపోయాయి. రెండు నెలల పని పోయి ఏడుపొచ్చింది.

వేడికి ప్రోటీన్ల మడత చెడుతుంది. హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రోటీన్లు వాటిని సరిచేస్తాయి. వాటిని పురికొల్పే స్విచ్చు, పీఎఫ్‌ఏపీ2-హెచ్‌ఎస్, 2021లో బయటపడింది. అది లేని పురుగు జ్వరం వేడికి నిలవదు.

ఆ నాయనమ్మకి ఇంకో సంగతి తప్పక చెప్పండి. ఉంగరాలున్న కణాలు 40 డిగ్రీల దగ్గర మామూలుకంటే ముందే జిగురు తేలి సన్నని రక్తనాళాల గోడలకి అంటుకుంటాయి. మెదడులో అలా అంటుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

జవాబు 1 మళ్లీ
మామూలుగా అలా అంటుకునేవి బలిసినవే. అందుకే మా స్లైడ్‌లో ఉంగరాలే ఎక్కువ కనబడతాయి, బలిసినవి లోపల గోడలు పట్టుకుని ఉంటాయి. స్లైడ్‌లో తక్కువున్నాయని ధీమా వద్దు. పిల్ల మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మందు కక్కేస్తున్నా వెంటనే ఆసుపత్రికి పంపండి.

అడిగినవారు
ఈ సాయంత్రం రెండో డోసుకి వెళ్తున్నాను. గోడకి అంటుకునే సంగతే చెబుతాను. జలగ పట్టినట్టు పడుతుందంటే ఆవిడకి తెలుస్తుంది. తడిగుడ్డ కూడా నేనే వేస్తాను.