కవర్లు పూర్తిగా ఆపాలా, డబ్బు పుచ్చుకుని ఇవ్వాలా?

తూకంరాయి:
సరుకుల దుకాణాల్లో ఇచ్చే, వాడి పారేసే ప్లాస్టిక్ కవర్ల గురించి నా మాట ముందే చెప్తున్నా: నిషేధం వద్దు, ధర పెట్టండి చాలు. ముందు బరువులు చూడండి. పలచటి హెచ్‌డీపీఈ (మామూలు ప్లాస్టిక్) కవరు 8 గ్రాములు, కాగితం సంచి 55, నాన్‌వోవెన్ (నెయ్యకుండా ప్లాస్టిక్ పోగుల్ని అతికించి చేసిన) సంచి 115, నూలు సంచి 180 పైచిలుకు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం, ఒక్కసారి వాడి పారేసిన కవరుతో వాతావరణ భారంలో (తయారీ నుంచి పారేసేదాకా వెలువడే కర్బనం లెక్కలో) సమానం కావాలంటే కాగితం సంచిని 3 సార్లు, నాన్‌వోవెన్‌ని 11 సార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలి. కవర్లన్నిటినీ తర్వాత చెత్తబుట్టకి లోపలి సంచిగా మళ్ళీ వాడుకునేట్టయితే నూలు సంచి లెక్క 327 అవుతుంది. కాగితం సంచేమో అడుగు తడిస్తే మూడోసారి దాకా బతకదు.

కాలువగట్టు:
వారానికోసారి చొప్పున 131 సార్లంటే రెండున్నరేళ్లు. గట్టి నూలు సంచికి అదో లెక్కా?

తూకంరాయి:
ఒక్క సంచి ఉంటే లెక్క కాదు. తలుపు వెనక పది వేలాడుతుంటే 1310 సార్లు. అవెప్పటికి తీరాలి? ఉతుకుడు అందులో కలపలేదు.

కాలువగట్టు:
పది ఎవరు కొనమన్నారండీ?

తూకంరాయి:
ఇంట్లో మర్చిపోయి వచ్చిన ప్రతిసారీ ఒకటి కొంటారు కదా, అలా పదవుతాయి.

సంచికుట్టు:
మధ్యలో ఒక మాట. ‘గుడ్డ సంచి’ అని చేతిలో పెట్టేది చాలా చోట్ల గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, పైన చెప్పిన నాన్‌వోవెన్ అదే. ఒక పోగు లాగి మంట చూపించండి: నూలైతే కాలి బూడిదవుతుంది, ఇది కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఇక పిడి. పిడిని వేడితో అతికించి వదిలేస్తే బరువైన సరుకుకి అక్కడే ఊడుతుంది. చదరపు మీటరుకి 80 గ్రాముల బట్ట తీసుకుని, పిడి చివర్ని అంచు లోపలికి మడిచి, చదరంగా కుట్టి, ఆ చదరంలో మూలనుంచి మూలకి గుణకారం గుర్తులా కుట్టాలి. ఎండలో వేలాడదీస్తే మాత్రం ఎంత బాగా కుట్టినా లాభం లేదు, పోగు పెళుసెక్కి పొడిగా రాలుతుంది. 11 సార్ల లెక్క అక్కడే చచ్చిపోతుంది.

మందంమాష్టారు:
నిషేధం అనే మాటలోనే మోసముంది. కాలిఫోర్నియా 2014లో చట్టం చేసి, 57 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉండి, 10 కిలోల బరువుతో 125 సార్లు మోయగలిగితే ‘మళ్ళీ వాడే సంచి’ అంది. జనం దాన్నీ ఒక్కసారి వాడి పారేశారు. 2024లో ఇంకో చట్టం చేసి, 2026 నుంచి దాన్నీ తీసెయ్యాల్సి వచ్చింది. మన దేశంలో కవరు కనీస మందం 2021 సెప్టెంబరులో 75 మైక్రాన్లు, 2022 చివర్నుంచి 120. అదే సైజు కవరు 20 నుంచి 120కి పోతే ప్లాస్టిక్ ఆరింతలు.

చిల్లరగల్లా:
దుకాణం పేరు అచ్చేసిన సంచికి మనమెందుకు డబ్బివ్వాలి? ప్రకటన వాళ్ళది, మోత మనది. ఈ సంగతి ఎవరూ మాట్లాడరేం?

తూకంరాయి:
ఆ డబ్బు దుకాణానికే పోవాలని ఎక్కడుంది? ఐర్లాండ్ 2002లో కవరుకి 15 సెంట్ల సుంకం పెట్టి పర్యావరణ నిధికి మళ్ళించింది. మనిషికి ఏడాదికి 328 ఉన్న కవర్లు 21కి దిగాయి. అదే ఏడు బంగ్లాదేశ్ పూర్తిగా నిషేధించింది, బజార్లో కవర్లు మాత్రం పోలేదు.

కాలువగట్టు:
బంగ్లాదేశ్ ఎందుకు నిషేధించిందో కూడా చెప్పండి మరి. 1988, 1998 వరదల్లో మురుగు కాలువలు కవర్లతో పూడుకుపోయాయని. మీ 131 అంకె ఏ కాలువకి సమాధానం? నీటి తోపుడుకి కవరు విచ్చుకుని చువ్వల తెరకి అంటుకుంటుంది, దాని మీద ఆకులు, బురద పేరుకుంటాయి. ఒక్క కవరు చాలు. చెత్త వేరుచేసే యంత్రాల్లో ఇరుసులకి చుట్టుకుంటుంది, యంత్రం ఆపి మనుషులు లోపలికి దిగి కత్తులతో కోసి తియ్యాలి. మీరేమో కర్బనం లెక్క పట్టుకుని కూర్చున్నారు. కవర్ల ఫ్యాక్టరీలో వాటా ఉందా ఏంటి?

తూకంరాయి:
వాటా దాకా వెళ్ళారంటే మాటలు అయిపోయాయన్నమాట. చెత్తబుట్టలోకి వెళ్ళిన కవరు కాలువలోకి రాదు. చెత్త ఎత్తడం చేతగానివాళ్ళని వదిలేసి, కొనేవాడి చేతిలోది లాక్కుంటున్నారు. లాక్కుంటే ఏమైందో చూడండి: కాలిఫోర్నియాలో పలచటి కవర్లు సుమారు 1.8 కోట్ల కిలోలు తగ్గితే, చెత్తబుట్ట సంచుల కొనుగోలు 54 లక్షల కిలోలు పెరిగిందని 2019లో ఒక పరిశోధన తేల్చింది.

కాలువగట్టు:
అంటే మూడొంతుల్లో రెండొంతుల పైనే తగ్గిందిగా! మీ అంకె మీకే ఎదురు తిరిగింది.
ఇక ఎత్తడం అంటారా? 8 గ్రాముల కవర్లు 125 ఏరితే ఒక కిలో. అదీ మురికిది, తడిది. చిత్తు ఏరేవాళ్ళు సీసా ఏరతారు, అట్టపెట్టె ఏరతారు, దీన్ని ముట్టుకోరు. ఎవరూ ఏరని వస్తువుని ఊరికే పంచిపెట్టి, ఎత్తలేదని ఎత్తేవాళ్ళ మీద పడితే ఎలా? మనకి తేడా అక్కడుంది, 131 దగ్గర కాదు.

తూకంరాయి:
సరే, అక్కడే ఉంది. అయితే 120 మైక్రాన్ల నియమం మీకు నచ్చాలే! మందంగా ఉంటే కిలోకి ఇరవై చాలు, ఏరతారు. మాష్టారు దాన్నే మోసమన్నారు.

మందంమాష్టారు:
ఏరడానికి పనికొస్తుంది, కాదనను. తగ్గించడానికి మాత్రం పనికిరాదు. రెండూ ఒకటి కాదు.

పచ్చనాకు:
మట్టిలో కలిసే కవర్లు వచ్చాయి కదా, ఇంత గొడవెందుకు?

సంచికుట్టు:
మట్టిలో కలవవండీ. ఈఎన్ 13432 (ఎరువుగా మారే ప్యాకింగ్‌కి యూరప్ ప్రమాణం) ముద్ర ఉంటే, దాదాపు 58 డిగ్రీల వేడి నిలిచే ఎరువు కేంద్రంలో ఆరు నెలల్లో 90 శాతం కుళ్ళిపోవాలని అర్థం. కాలువ నీళ్ళలో ఆ వేడి ఎక్కడిది? పైగా మామూలు కవర్ల గుట్టలో కలిస్తే ఆ గుట్ట రీసైక్లింగ్‌కి చెడుతుంది.

చిల్లరగల్లా:
పిడి కవర్ల గురించే కొట్టుకుంటున్నారు. కూరగాయల దగ్గర రోల్ నుంచి చింపి ఇచ్చే పిడి లేని కవర్ల సంగతో? చాలా చట్టాలు వాటిని వదిలేశాయి.

కాలువగట్టు:
అవి ఇంకా పలచన. కిలో కావాలంటే 125 కాదు, కొన్ని వందలు ఏరాలి.

తూకంరాయి:
వాటికీ ధర పెట్టమంటాను.

కాలువగట్టు:
తూకం వేసే చోట కవరు కవరుకీ బిల్లు రాస్తారా?