నిమ్మకాయల వ్యాపారిని బడికి రమ్మన్నారు, పిల్లలకు ఏం చెప్పాలి?

పొదలకూరు నిమ్మ:

అందరికీ నమస్కారం. మాది పొదలకూరు పక్కన పల్లె. పద్దెనిమిదేళ్లుగా నిమ్మకాయల వ్యాపారం చేస్తున్నా. రైతు దగ్గర తోటలోనే కాయ కొని, గ్రేడింగ్ చేయించి, ఢిల్లీ లారీకి ఎక్కిస్తాను. చదువు పదో తరగతి, అదీ లెక్కల్లో తప్పాను.

మా చిన్నది హైస్కూల్లో ఏడు చదువుతోంది. మొన్న వాళ్ల లెక్కల సారు ఇంటికొచ్చి, "బ్యాగు లేని రోజులు పెడుతున్నాం, ఒకరోజు నువ్వొచ్చి పిల్లలకు వ్యాపారం గురించి చెప్పాలి" అన్నారు. ఎగతాళి అనుకున్నా. ఎందుకంటే నాకు గోడకుర్చీ వేయించింది ఈ సారే. ఎక్కడెక్కడో తిరిగి బదిలీ మీద మళ్లీ మా ఊరికే వచ్చారు. ఆయన మాత్రం సీరియస్‌గానే అడిగారు. కొత్త విద్యావిధానంలో ఉందంట, పిల్లలకు చిన్నప్పుడే సొంతంగా ఏదైనా పెట్టుకునే తెలివి రావాలంట.

ఇది నిజంగా ఉందా, లేక శనివారం పూట కాలక్షేపమా? ఉంటే మాత్రం నేనేం చెప్పాలి? కష్టపడితే పైకొస్తారు అనడానికి నాకు నోరు రాదు. నాతో పాటు మొదలుపెట్టిన నలుగురిలో ఇద్దరు అప్పులపాలయ్యారు, వాళ్లు నాకంటే ఎక్కువే కష్టపడ్డారు. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో నిమ్మకాయ కిలో రెండొందలు దాటింది. కోత కూలి కూడా రాక కాయను చెట్టు కిందే వదిలేసిన రోజులూ చూశా. దీన్ని పాఠంగా ఎట్టా చెప్పేది? రోజు దగ్గర పడేకొద్దీ టెన్షన్‌గా ఉంది.

---

ఉదయగిరి చెక్క:

అన్నా, కాలక్షేపం కాదు. 2020 జులై 29న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న జాతీయ విద్యావిధానంలో రాసిందే. ఆరు నుంచి ఎనిమిది లోపు ఎప్పుడైనా ఒక పది రోజులు పిల్లలు పుస్తకాల సంచి పక్కనబెట్టి, ఊళ్లో పని తెలిసినవాళ్ల దగ్గర పని నేర్చుకోవాలి. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు అని పేర్లు పెట్టి మరీ రాశారు. నిమ్మకాయల వ్యాపారి అని లేదు గానీ, 2024 జులైలో వచ్చిన మార్గదర్శకాల్లో కూరగాయల మార్కెట్‌కి వెళ్లి సర్వే చేయడం కూడా ఉంది. వాటిని తయారుచేసింది భోపాల్‌లో ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ (బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ) వృత్తివిద్యా కేంద్రం. కాబట్టి మీ సారు దారి తప్పలేదు.

ఎందుకు పెట్టారంటే, 12వ పంచవర్ష ప్రణాళిక (2012-17) అంచనా ప్రకారం మన దేశంలో 19 నుంచి 24 ఏళ్ల మధ్య పనివాళ్లలో వృత్తివిద్యను పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు 5 శాతం లోపే. జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96. 2025 కల్లా బడి, కాలేజీ పిల్లల్లో కనీసం సగం మందికైనా ఈ పరిచయం కావాలని విధానంలో రాసుకున్నారు. ఆ గడువు దాటేసింది. నేను ఒక బడిలో వృత్తివిద్య చెప్పేవాణ్ణే, నా జీతమే మూడు నెలలకోసారి పడుతుంది. సరే, అది వేరే పురాణం.

ఏం చెప్పాలని అడిగారు కదా. ఏమీ చెప్పొద్దు. మా దగ్గర చెక్క గరిటెలు చేసే ఒకావిడ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లా. ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు. తలా ఒక నర్ది చెక్క ముక్క, ఒక ఆకురాయి చేతికిచ్చి కూర్చోబెట్టింది. అంతకుముందే నేను "ఈ గరిటె ఎంతకు అమ్ముతారు?" అని అడిగితే పిల్లలు పది రూపాయలన్నారు. సాయంత్రం దాకా రాకి, సగం మంది కాడ విరగ్గొట్టుకుని, వేళ్లు బొబ్బలెక్కాక అదే ప్రశ్న అడిగా. అరవై అన్నారు! ఒకడైతే అసలు అమ్మనన్నాడు.

---

కావలి అమ్మ:

నా గోడు కూడా వినండి అన్నయ్యా. మా వాడు ప్రైవేట్ స్కూలు. పోయిన ఏడాది 'బిజినెస్ డే' అన్నారు. తలా ఒక స్టాలు. మా వాడిది పునుగులు. పప్పు నానబోసింది నేను, రుబ్బింది నేను, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చట్నీ చేసింది నేను. వాడు టై కట్టుకుని నిలబడి అమ్మాడు. సాయంత్రం 900 రూపాయలు లాభం అని ఎగురుకుంటూ వచ్చాడు. నూనె ఎవరు కొన్నారు, గ్యాసు ఎవరిది అంటే, "అది మన ఇంట్లోదే కదమ్మా" అన్నాడు. స్కూలు వాళ్లు స్టేజీ మీదకు పిలిచి బహుమతి కూడా ఇచ్చారు.

మీరు పిల్లలకు ఆ లెక్క ఒక్కటి నేర్పించండి చాలు.

---

కనిగిరి టు బెంగళూరు:

నాకు మాత్రం ఇదంతా చూస్తే కొంచెం నవ్వొస్తుంది. పై చదువులు చెప్పే కాలేజీలు, యూనివర్సిటీలు స్టార్టప్ ఇంక్యుబేషన్ కేంద్రాలు, అంటే కొత్త వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు చేయూతనిచ్చే చోట్లు, పెట్టాలని కూడా అదే విధానంలో ఉంది. నేను చదివిన కాలేజీలోనూ గది ఇచ్చి, బోర్డు తగిలించారు. నాలుగేళ్లలో దాని తాళం రెండుసార్లు తీశారు, రెండూ తనిఖీ వచ్చినప్పుడే. బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులకు, అంటే పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసే గదులకు, కేంద్రం 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. కానీ త్రీడీ ప్రింటర్ పాడైపోతుందని పిల్లల్ని ముట్టుకోనివ్వని చోట్లు కూడా చూశాను. నష్టపోవడానికి మన బడులు ఎవరినీ ఒప్పుకోవు అన్నా, పాసు మార్కుల అలవాటు. ఢిల్లీ సర్కారు బడుల్లో 2021లో పిల్లలకు తలా రెండు వేల రూపాయలు చేతికిచ్చి చిన్న వ్యాపారం చేసుకోమన్నారు. మీరు కూడా కాయలు పిల్లల చేతిలో పెట్టండి, కుళ్లితే కుళ్లనివ్వండి.

---

పొదలకూరు నిమ్మ:

నిన్న వెళ్లొచ్చాను. జవాబులు రాసిన అందరికీ దండాలు.

ఉపన్యాసం మానేశా. ఒక బస్తా పచ్చికాయ, ఒక బస్తా పండు తీసుకుపోయి తరగతి గదిలో గోనెపట్ట పరిచి కుమ్మరించా. గదంతా వాసన. దూరం పోయే కాయ ఏది, ఇక్కడే నెల్లూరులో అమ్మేయాల్సింది ఏది, వేరు చేయమన్నా. ముందు రంగు చూసి గబగబా ఏరేశారు. ఒక పిల్లాడు మాత్రం ప్రతి కాయా బొటనవేలితో తొడిమ దగ్గర నొక్కి చూస్తున్నాడు. ఎవరు చెప్పారురా అంటే, వాళ్ల నాయన తోటలో కోతకు పోతాడంట. క్లాసులో వెనక బెంచీ వాడని సారు తర్వాత చెప్పారు.

తర్వాత ఒక పిల్ల లేచి, "రైతు దగ్గర 20కి కొని 35కి అమ్మితే 15 నీకేనా?" అంది. బోర్డు మీద రాయించా. కిలోకి కోత కూలి 3 రూపాయలు, గ్రేడింగ్ రూపాయిన్నర, సంచి, బస్తాలు ఎత్తే ముఠా కూలి కలిపి రూపాయిన్నర, లారీ కిరాయి 4, మండీ కమీషన్ 2.80, దారిలో తరుగు, కుళ్లు 1.40. అన్నీ కలిపితే 14.20. మిగిలింది 80 పైసలు. సారు వెనక కుర్చీలో కూర్చుని కూడికలు సరిచూసుకుంటా నవ్వుతున్నారు. ఈసారి తప్పలేదు లెండి.

అప్పుడు మా చిన్నది చెయ్యెత్తింది. "నాన్నా, అందులో అమ్మ కూలి ఏదీ?"

గ్రేడింగ్‌కి వచ్చే ఆడవాళ్లకు కూలి ఇస్తా, అది రాశా. వాళ్లతో పాటు పొద్దున ఆరింటికి కూర్చుని కాయ ఏరేది, మధ్యాహ్నం వాళ్లందరికీ వండేది మా ఆవిడ. పద్దెనిమిదేళ్లలో ఆ గీత ఒక్కసారి కూడా రాయలేదు. కావలి అమ్మా, మీ పునుగులు గుర్తొచ్చాయి. "రాద్దాం" అన్నా. రాస్తే ఎనభై పైసలు పోయి కిందకు దిగిపోయింది లెక్క. పిల్లలంతా నావైపు చూస్తున్నారు, నేను సారువైపు చూశా.

ఆ రోజు ఇంటికొచ్చాక మా ఆవిడకు చెప్తే, "ఇప్పుడు తెలిసిందా?" అని లోపలికి పోయింది.

వచ్చే శనివారం నలుగురేసి చొప్పున అయిదు జట్లకు తలా పది కిలోలు ఇస్తున్నా, అప్పుగా. కిలో 20 చొప్పున నాకు తిరిగి కట్టాలి. బస్టాండు దగ్గర అమ్ముకుంటారో, సోడా బండ్లకు వేసుకుంటారో వాళ్లిష్టం. నష్టం వస్తే మాఫీ చేయాలా వద్దా అని సారూ నేనూ ఇంకా తేల్చుకోలేదు. ఇంకొకటి, సాయంత్రానికి మిగిలిపోయిన మెత్తటి కాయను ఊరగాయ కాకుండా వేరే ఏదైనా చేసి అమ్మొచ్చా? ఆ వెనక బెంచీ వాడు అడిగాడు, నాకు తెలీదు. తెలిసినవాళ్లుంటే శుక్రవారంలోపు చెప్పండి.